మగ కుక్కపిల్లా, ఆడదా? ముందు ఇంట్లో ఉన్నదాని సంగతి చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. సొంత ఇల్లు, చుట్టూ 4 అడుగుల ప్రహరీ, ముందు గ్రిల్ గేటు. మా దగ్గర ఐదేళ్ల నాటు ఆడకుక్క ఉంది, పేరు చిట్టి. వీధిలో దొరికితే తెచ్చి పెంచుకున్నాం. ఆపరేషన్ చేయించలేదు. ఇప్పుడు మా బాబు (10), పాప (6) లాబ్రడార్ కావాలని పట్టుబట్టారు. తెలిసినవాళ్లింట్లో లాబ్ ఈనింది. పిల్లలకు 40 రోజులు. రెండు మగవి, మూడు ఆడవి మిగిలాయి. మగదానికి 2 వేలు ఎక్కువ చెప్తున్నారు. మావారేమో "రెండూ ఆడవైతే ఇంట్లో ఈతల గోల ఉండదు, పైగా ఆడది నెమ్మది" అంటారు. అత్తమ్మ "ఇంకో ఆడకుక్క వద్దే వద్దు, దీనికి ఎదొస్తేనే గేటు ముందు అయిదారు కుక్కలు కాపు కాస్తున్నాయి" అంటుంది. మగదైతే తులసికోట దగ్గర కాలెత్తుతుందేమోనని నా భయం. అమ్మేవాళ్లు ఈ ఆదివారమే తీసుకెళ్లమంటున్నారు. ఏది తెచ్చుకోవాలి?

సమాధానం: మగదాన్ని తెచ్చుకోండి. కానీ ఈ ఆదివారం వద్దు, ఇంకో 18, 20 రోజులు ఆగండి. ఈలోపు చిట్టికి ఆపరేషన్ చేయించండి. మీరు అడిగింది కొత్తపిల్ల గురించే గానీ, మీ ఇంటి లెక్క మొత్తం చిట్టి చుట్టూనే తిరుగుతోంది.

ముందు మీవారి మాట. రెండూ ఆడవైతే ఈతల గోల ఉండదన్నది సగమే నిజం. మీ గేటు ముందు కాపు కాసే అయిదారు కుక్కలు అప్పుడు పది అవుతాయి, ఏడాదికి ఒకటి రెండుసార్లు అయ్యేది మూడు నాలుగుసార్లు అవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఒకే ఇంట్లో పెరిగే కుక్కల మధ్య వచ్చే గొడవల్లో రెండు ఆడవాటి మధ్య వచ్చేవే గట్టివి. మగవి రెండు కొట్టుకుంటే చప్పుడెక్కువ, గాయం తక్కువ. ఆడవి రెండు ఒకసారి పంతం పట్టాయంటే చెవులు చిరిగి, కుట్లు పడేదాకా పోతుంది, తర్వాత కూడా మర్చిపోవు. అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని కాదు, కలిసిమెలిసి బతికే ఆడకుక్కలు చాలానే ఉన్నాయి. కానీ మీ ఇంట్లో పరిస్థితి అందుకు అనువుగా లేదు. చిట్టి ఐదేళ్లుగా ఆ వాకిలికి ఒక్కతే యజమానురాలు. పైగా నాటుకుక్క, హద్దుల పట్టింపు ఎక్కువ. లాబ్ పిల్ల మొదటి ఏడాది చిట్టి చెప్పినట్టే వింటుంది. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య దానికి పెద్దరికం వస్తుంది, ఒళ్లు కూడా చిట్టికంటే పెద్దదవుతుంది. తిండిగిన్నె దగ్గర, గుమ్మం దగ్గర, మీరు ఆఫీసు నుంచి వచ్చి గేటు తీసే ఆ ఒక్క నిమిషంలో మొదలవుతాయి గుర్రుమనడాలు. ఆ వయసులో వచ్చిన గొడవను సర్దడం చాలా కష్టం. ఒకటి లోపల ఉంటే ఇంకోటి బయట, అలా తలుపులు వేసుకుంటూ ఏళ్లు గడిపే ఇళ్లున్నాయి.

ఇక ఆడది నెమ్మది, మగది విశ్వాసం అనే మాట. అమ్మేవాళ్లు కొనేవాళ్లను బట్టి ఈ రెంట్లో ఏదో ఒకటి చెప్తుంటారు. లాబ్‌లో నెమ్మదితనం తల్లి నుంచి, ఆ ఈతలో ఆ పిల్ల తీరు నుంచి, మొదటి నాలుగు నెలలు మీరు పెంచిన పద్ధతి నుంచి వస్తుంది. మగా ఆడా అన్నదాని వాటా అందులో తక్కువే. మగపిల్ల కాస్త ఆలస్యంగా కుదురుకుంటుంది, రెండేళ్లదాకా దూకుడు ఉంటుంది, తిండి చూపిస్తే చెప్పింది చేస్తుంది. ఆడది కాస్త ముందే కుదురుకుంటుంది, దానికి నచ్చకపోతే మీరెంత పిలిచినా పక్కకెళ్లి పడుకుంటుంది. ఇవి కూడా సగటు మాటలే. కచ్చితంగా తేడా కనిపించేది ఒళ్లులో. ఎదిగిన మగ లాబ్ 29 నుంచి 36 కిలోలు, ఆడది 25 నుంచి 32 కిలోలు తూగుతుంది. మీ అత్తమ్మగారు గొలుసు పట్టుకుని వాకిట్లో నిలబడే ఇల్లయితే ఆ నాలుగు కిలోలు లెక్కలోకి వస్తాయి. అందుకే మగది తెచ్చుకుంటే గొలుసు లాగకుండా నడిచే అలవాటు రెండో నెల నుంచే మొదలెట్టాలి. లాగిన ప్రతిసారీ మీరు ఆగిపోండి, గొలుసు వదులైతేనే అడుగెయ్యండి. ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి వేసే పట్టీ) వాడితే పిల్ల లాగినప్పుడు అదే పక్కకు తిరిగిపోతుంది. వెనక కొక్కెం ఉండేది బండికి ఎద్దును కట్టినట్టే, లాగడం ఇంకా సులువవుతుంది.

సరే, మగది వచ్చింది, చిట్టి ఆడది. గొడవలు తక్కువ, కానీ ఈతల సంగతి? అక్కడికే వస్తున్నాం.

మగపిల్ల ఆరో నెలకు ఇంకా పాలపళ్లు పూర్తిగా మారని చంటిదిలా కనిపిస్తుంది, కానీ ఆ దరిదాపుల్లోనే దానికి చూలు కట్టించే శక్తి వచ్చేస్తుంది. ఐదో నెల దాటాక నమ్మకం పెట్టుకోవద్దు. ఇంటి ఆడకుక్కలు సాధారణంగా ఆరేడు నెలలకోసారి ఎదకొస్తాయి. నాటుకుక్కలు కొన్ని ఏడాదికి ఒక్కసారే, వానాకాలం చివర్లో వస్తాయి. "చిత్తకార్తె కుక్క" అని మనవాళ్లు ఊరికే అనలేదు. చిత్త కార్తె వచ్చేది అక్టోబరులో. చూలు 63 రోజులు. అందుకే డిసెంబరు చలిలో వీధి మూలల్లో అన్ని పిల్లలు కనిపిస్తాయి.

ఎద రోజుల్లో జాగ్రత్తపడితే చాలదా అనుకోవచ్చు. ఒకే ఇంట్లో మగదాన్ని, ఎదకొచ్చిన ఆడదాన్ని విడిగా ఉంచడం ఎంత కష్టమో ఒక్కసారి చూస్తే తెలుస్తుంది. మగది తిండి మానేస్తుంది, రాత్రంతా తలుపు గీకుతుంది, ఊళ పెడుతుంది. పైగా జనం లెక్క తప్పేది ఎప్పుడూ ఒకేచోట. మొదటి వారం, పది రోజులు ఎర్రగా రక్తం చుక్కలు పడతాయి. అప్పుడు మగకుక్కలు వెంటపడినా ఆడది కూర్చుండిపోతుంది, పళ్లు చూపించి తరిమేస్తుంది. తర్వాత ఎరుపు పలచబడి ఎండుగడ్డి రంగుకు వస్తుంది, వాపు కాస్త మెత్తబడుతుంది, నడుం మీద చెయ్యేస్తే తోక పక్కకు తిప్పేస్తుంది. "రక్తం ఆగింది, అయిపోయింది" అని గొలుసు విప్పేది సరిగ్గా ఈ రోజుల్లోనే. చూలు నిలిచేదీ ఈ రోజుల్లోనే. మొదటి చుక్క కనిపించిన రోజు క్యాలెండర్‌లో రాసుకుని అక్కడి నుంచి 28 రోజులు లెక్కపెట్టాలి. ఒకవేళ ఎప్పుడైనా చేయిదాటి రెండూ జతకట్టి ఇరుక్కుపోతే కర్రలతో కొట్టడం, నీళ్లు పోయడం, లాగడం చెయ్యకండి, రెంటికీ లోపల చీలికలు పడతాయి. 15, 20 నిమిషాల్లో వాటంతటవే విడిపోతాయి. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "ఒక్క ఇంజెక్షన్ వేస్తే పోతుంది" అని ఈస్ట్రోజెన్ లాంటివి వేయించుకోవద్దు. అవి ఎముక మజ్జను దెబ్బతీస్తాయి, గర్భసంచిలో చీము పట్టిస్తాయి. ఎద రాకుండా ఆపే ప్రొజెస్టెరాన్ రకం ఇంజెక్షన్లతోనూ గర్భసంచిలో చీము ముప్పు ఉంటుంది, అదనంగా రొమ్ముల్లో గడ్డలు.

ఈ లెక్కలన్నీ వదిలించుకోవాలంటే చిట్టికి గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ ఒక్కటే దారి. మగపిల్ల రాకపోయినా దానికి ఇది చేయించాల్సిందే. ఐదేళ్లు వచ్చి, ఆపరేషన్ కాని ఆడకుక్కకు పయోమెట్రా ముప్పు ప్రతి ఎదతోనూ పెరుగుతుంటుంది. ఎద అయిన నెల, రెండు నెలలకు గర్భసంచిలో చీము చేరుతుంది. నీళ్లు విపరీతంగా తాగుతుంది, తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. కిందనుంచి చీము కారితే మీకు తెలుస్తుంది. గర్భసంచి మూతి మూసుకుని ఉంటే కారదు, కడుపు ఉబ్బుతుంది, అంతే. అప్పుడు చేసేది కూడా ఇదే ఆపరేషన్, కాకపోతే చావుబతుకుల మీద, అర్ధరాత్రి, రెండు మూడింతల ఖర్చుతో. మీవారికి ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఆపరేషన్‌కు ముందు రెండు పరీక్షలు అడిగి మరీ చేయించండి. ఒకటి రక్తపరీక్ష, అందులో ప్లేట్‌లెట్ల సంఖ్య ముఖ్యం. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా కుక్కల్లో పైకి ఏమీ కనిపించకుండా లోపలే ఉంటుంది, ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. అలాంటి కుక్కను బల్ల మీద పడుకోబెట్టి కోస్తే రక్తం ఆగదు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే మూడు నాలుగు వారాలు ఆ జ్వరానికి మందులు వాడి, మళ్లీ పరీక్ష చేయించి, అప్పుడు ఆపరేషన్. రెండోది, కింద ఏమైనా గడ్డలున్నాయేమో చూడమనండి. వీధికుక్కల్లో జత ద్వారా అంటుకునే ఒక రకం క్యాన్సర్ ఉంది, టీవీటీ అంటారు. కాలీఫ్లవర్ ముక్కలా పెరుగుతుంది, తాకితే రక్తం కారుతుంది. ఎద నెల దాటినా చుక్కలు ఆగకపోతే చాలామంది "ఇంకా ఎదలోనే ఉంది" అనుకుంటారు, అనుమానించాల్సింది దీన్ని. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తే చాలావరకు పూర్తిగా పోతుంది. కానీ అది ఉన్న కుక్కను నాకినా, వాసన చూసినా పిల్లకు మూతికో ముక్కుకో అంటుకోవచ్చు. పిల్ల ఇంటికి రాకముందే తేల్చుకోవాల్సిన విషయం.

ఆపరేషన్ అయ్యాక కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు. అన్ని రోజులూ మెడకు కోన్ (కుట్లు నాకకుండా వేసే గరాటు లాంటి పట్టీ) ఉండాల్సిందే. "పాపం, ఇబ్బందిగా ఉంది" అని తీసిన పది నిమిషాల్లో కుట్లు నాకి ఊడదీసుకుంటుంది. గోడ దూకడం, మెట్లెక్కి పరుగెత్తడం కుదరదు. చురుకైన కుక్కపిల్ల పక్కనుంటే ఇవేవీ సాధ్యం కావు కాబట్టే పిల్ల రాకముందే ఈ పని అయిపోవాలంటున్నాం.

ఇప్పుడు పిల్ల దగ్గరికి. 40 రోజుల పిల్లను తీసుకెళ్లమనడం పొరపాటు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నియమం సంగతి అటుంచినా, ఆరో వారం నుంచి ఎనిమిదో వారం దాకా తోబుట్టువులతో ఆడుకుంటూనే పిల్ల ఎంత గట్టిగా కొరకాలో నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఈ పాఠం కాకముందే తెచ్చుకున్న పిల్ల మీ ఆరేళ్ల పాప చేతుల మీద ఆ పాఠం నేర్చుకుంటుంది. మగవి రెండూ ఉన్నాయి కాబట్టి అడ్వాన్సు కొంత ఇచ్చి ఒకదాన్ని ఆపమనండి. 8 వారాలు నిండాక ఎవరూ వద్దనరు.

వెళ్లినప్పుడు మగదే ఇస్తున్నారో లేదో మీరే చూసుకోండి. నవ్వకండి, ఇంటికి తెచ్చాక "ఇది ఆడది" అని డాక్టర్ చెప్పిన సందర్భాలు తక్కువేం కాదు. పిల్లను వెల్లకిలా ఒడిలో పడుకోబెట్టండి. బొడ్డు మచ్చ పక్కటెముకలు అయిపోయేచోట, వెంట్రుకల్లో చిన్న గీతలా ఉంటుంది. దానికి కాస్త కిందగా, పొట్ట మధ్యలో కుచ్చులాంటి వెంట్రుకలతో ఇంకో బొడిపె ఉంటే మగది. పొట్టంతా నున్నగా ఉండి, వెనక కాళ్ల మధ్య, మలద్వారం కింద చిన్న ఆకులాంటి మడత ఉంటే ఆడది. బొడ్డు మచ్చనే చూసి మగదనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు తగిలితే అది హెర్నియా. వేలితో నొక్కితే లోపలికి పోయేంత చిన్నదైతే భయం లేదు, తర్వాత ఆపరేషన్ అప్పుడు కుట్టేస్తారు. ధరలో తగ్గించమని అడగండి.

మగపిల్లలో తప్పనిసరిగా చూడాల్సింది వృషణాలు. 8 వారాలకు రెండూ సంచిలోకి దిగి ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా తడిమితే రెండు శనగగింజల్లా జారుతూ తగలాలి. పిల్ల భయపడినా, చలిగా ఉన్నా అవి పైకి లాక్కుంటాయి, కాబట్టి నిద్రమత్తులో ఉన్నప్పుడు చూడండి. ఒకటే తగిలితే ఇంకొన్ని వారాలు ఆగొచ్చు గానీ, ఆరు నెలలకీ దిగకపోతే ఇక దిగదు. పొట్టలో ఉండిపోయినదానికి ముందుముందు క్యాన్సర్ ముప్పు మామూలుకంటే చాలా రెట్లు ఎక్కువ. కోసి తీయించడం తప్పదు, ఆ ఆపరేషన్ పెద్దది కూడా. ఆ రెండు మగవాటిలో ఒకటి అలాంటిదైతే రెండోదాన్ని తీసుకోండి. రెండూ బాగుంటే తీరు చూసి ఎంచుకోండి. వచ్చి మీ షూ లేసులు లాగేది, అన్నింటినీ తొక్కుకుంటూ ముందుకొచ్చేది చిన్నపిల్లలకు బాగా నచ్చుతుంది. మీ ఇంటికి కావాల్సింది దాని వెనక వచ్చే రెండోది. ఒక స్టీలు పళ్లెం నాలుగడుగుల దూరంలో కింద పడెయ్యండి. ఉలిక్కిపడినా ఫర్వాలేదు, అర నిమిషంలో వచ్చి ఆ పళ్లెం వాసన చూస్తే మంచి పిల్ల. మూలకు పోయి ఎంత పిలిచినా రాకపోతే వద్దు.

తెచ్చిన రోజు నేరుగా వాకిట్లో వదలకండి, అది చిట్టి రాజ్యం. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు) భయం వల్ల టీకాలు పూర్తికాని పిల్లను వీధిలోకి తీసుకెళ్లలేం, కాబట్టి మేడ మీద పరిచయం చెయ్యండి. చిట్టి మెడలో గొలుసు వదులుగా, పిల్ల మీ ఒడిలో కాకుండా నేలమీద. 10, 15 నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు. చిట్టి గుర్రుమంటే తిట్టకండి. అది హెచ్చరిక, హద్దు చెప్పుకుంటోంది. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క ఇంకోసారి గుర్రుమనకుండా నేరుగా కొరుకుతుంది. రెండు వారాలు వాటిని ఒంటరిగా వదలొద్దు. గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టండి. పిల్ల వచ్చేలోపు చిట్టికి ఏటా వేయించే టీకాలు పెండింగు ఉంటే అవి కూడా వేయించండి. పిల్లకు 6, 8 వారాల మధ్య మొదటి టీకా, తర్వాత 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి, రేబిస్‌ది మూడు నెలలు నిండాక.

తులసికోట గురించి మీ భయం న్యాయమైనదే. మగపిల్ల మొదట్లో ఆడదానిలాగే వంగి పోస్తుంది. ఆరో నెలకూ ఏడాదికీ మధ్య ఒకరోజు హఠాత్తుగా కాలెత్తుతుంది. దానికి కావాల్సింది నిటారుగా నిలబడిన వస్తువు, అంతకుముందు ఎవరో పోసిన వాసన. గేటు స్తంభం, స్కూటర్ టైరు, పూలకుండీ, తులసికోట దానికి అన్నీ ఒకటే. మనిషికి మాత్రం కావు. కోట చుట్టూ అడుగున్నర దూరంలో రెండడుగుల ఎత్తు కమ్మీ గానీ ఇటుక కట్టు గానీ పిల్ల మూడో నెలలో ఉండగానే పెట్టించండి. కాలెత్తడం మొదలయ్యాక పెట్టిస్తే ఆ కమ్మీనే గుర్తుగా వాడుకుంటుంది. పొద్దున లేవగానే వాకిట్లోకి వదలకుండా గొలుసుతో గేటు బయటికో, పెరట్లో మీరు చూపించిన చోటికో తీసుకెళ్లి, అక్కడ పోశాక చిన్న ముక్క తిండి పెట్టి, అప్పుడు వదలండి. ఆ చోట ఒక కర్ర పాతితే ఇంకా మంచిది. ఎక్కడైనా తప్పు జరిగితే ఫినాయిల్‌తో సరిపెట్టకండి. ఆ ఘాటు మన ముక్కునే మోసం చేస్తుంది, దాని ముక్కును కాదు. మళ్లీ అక్కడే పోస్తుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి కడిగినా, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడినా వాసన విరుగుతుంది. ఆడకుక్కల వల్ల ఈ బాధ లేదనుకోవద్దు సుమా. అవి ఒకేచోట వంగి మొత్తం పోసేస్తాయి కాబట్టి పచ్చగడ్డి మీద గుండ్రంగా ఎండిన మచ్చలు పడతాయి.

ఇంకో సంగతి, అడగడానికి మొహమాటపడతారు కాబట్టి చెప్తున్నాం. ఎదిగే మగకుక్కకు కింది తోలు చివర పసుపు పచ్చటి చుక్క అప్పుడప్పుడు కనిపిస్తుంది. అది జబ్బు కాదు. వాచినా, రక్తం కలిసినా, రోజంతా నాకుతున్నా చూపించాలి. దిండ్లను, పిల్లల కాళ్లను పట్టుకుని ఊగడం కూడా ఉంటుంది. ఆడవి కూడా చేస్తాయి, ఉత్సాహం ఎక్కువైతే చేస్తాయి. బాబును, పాపను నవ్వొద్దనండి. నవ్వితే అది ఆట అనుకుంటుంది. పిలిచి కూర్చోమని చెప్పి, ఇంకో పని అప్పగించండి.

గోడ మాత్రం మార్చక తప్పదు. చిట్టికి ఆపరేషన్ అయిపోయినా, వీధిలో ఇంకో ఆడకుక్క ఎదకొస్తే ఆ వాసనకు మీ మగ లాబ్ 4 అడుగుల గోడ ఇట్టే ఎక్కేస్తుంది. గోడ మీద ఇంకో రెండడుగుల జాలీ బిగించండి, దానికి ఆనుకుని కుండీలు, సిమెంటు బస్తాలు, స్కూటర్ లేకుండా చూడండి. అవే దానికి మెట్లు. గ్రిల్ గేటుకు కింది మూడడుగులు రేకు కొట్టించండి. గ్రిల్ సందుల్లోంచే కుక్కలు కొరుక్కోవడం, జతకట్టడం రెండూ జరుగుతాయి.

మగదానికి కూడా వెంటనే ఆపరేషన్ చేయించాలా? లాబ్‌కు తొందరపడొద్దు. వృషణాల నుంచి వచ్చే హార్మోన్లు ఎముకల ఎదుగుదలను సమయానికి ఆపుతాయి. ఆరు నెలలలోపు తీసేస్తే ఎముకలు కాస్త ఎక్కువ కాలం పెరిగి, మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగడం, కీళ్ల బాధలు లాబ్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య నిర్ణయించుకోండి. గోడ గట్టిగా ఉండి, చిట్టికి ఆపరేషన్ అయ్యుంటే చేయించకపోయినా మునిగిపోయేదేం లేదు, కాకపోతే వయసు మీదపడ్డాక ప్రొస్టేట్ వాపు వస్తుందేమో గమనించాలి. పారిపోవడం, ఇంట్లో పోయడం హద్దు దాటితే చేయించండి. ఈ రెండూ చాలా కుక్కల్లో తగ్గుతాయి, అన్నింట్లోనూ కాదు. అలవాటు ముదిరాక అయితే ఇంకా తక్కువ. అపరిచితులను చూసి మొరగడం, భయంతో కొరకడం దీనితో పోవు. ఆపరేషన్ అయ్యాక కూడా నెలన్నర పాటు చూలు కట్టించగలదని గుర్తుంచుకోండి. ఆ రోజు నుంచే తిండి ఐదోవంతు తగ్గించండి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లాబ్రడార్లలో నాలుగోవంతు దాకా వాటికి, కడుపు నిండిందని చెప్పే జన్యువులోనే లోపం ఉందని తేల్చారు. "అది ఇంకా అడుగుతోంది" అన్న మాటను అందుకే నమ్మకూడదు. ఈ తిండి లెక్క చిట్టికీ వర్తిస్తుంది.

2 వేల తేడా గురించి ఆలోచించకండి. మగదానికి ఎక్కువ చెప్పడం మన దగ్గర మామూలే, అది మగదాని గొప్ప కాదు, అడిగేవాళ్లు ఎక్కువ. "ఆడదైతే ఒక్క ఈత పిల్లలను అమ్ముకుంటే పెట్టుబడి తిరిగొస్తుంది" అని కూడా ఎవరో ఒకరు చెప్తారు. పిల్లలను పుట్టించి అమ్మాలంటే పైన చెప్పిన 2017 నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఏడెనిమిది పిల్లలకు రెండు నెలలు తిండి, నులిపురుగుల మందులు, మొదటి టీకాలు, కష్టమైతే సిజేరియన్ కలిపి లెక్కేస్తే లాభం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక ఈత ఈనితేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుందన్నది కూడా ఉత్త మాట.

చిట్టి లేని ఇల్లయి ఉంటే జవాబు వేరేలా ఉండేది. అపార్ట్‌మెంట్‌లో ఉండి, మొదటిసారి పెంచేవాళ్లయితే, ఆపరేషన్ చేయిస్తామంటే ఆడదాన్నే తీసుకోమంటాం. లిఫ్ట్ మూలల్లో, పార్కింగ్‌లో పక్కవాళ్ల బండి టైర్ల మీద పంచాయితీ ఉండదు. ఇంట్లో ఉన్నది మగకుక్క అయితే ఆడది. జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటివైతే, ఇంట్లో చిన్నపిల్లలుంటే మళ్లీ ఆడదే, అక్కడ ఒళ్లు, మొండితనం రెంట్లోనూ తేడా పెద్దది.

ఇక ఆపరేషన్ తేదీ. డాక్టర్ మిమ్మల్ని మొదట అడిగేది చిట్టి చివరిసారి ఎప్పుడు ఎదకొచ్చిందని. రెండు మూడు నెలలు దాటి ఉంటే వెంటనే చేస్తారు. ఇప్పుడే వాపు కనిపిస్తుంటే, లేదా ఎద అయి నెలే అయ్యుంటే ఆగమంటారు. ఆ సమయంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది, ఆపరేషన్ తర్వాత చూలు లేకుండానే పాలు దిగి బొమ్మలను పిల్లల్లా దాచుకోవడం లాంటివి మొదలవుతాయి. అలా ఆగాల్సి వచ్చినా కంగారు లేదు, పిల్లకు ఐదు నెలలు వచ్చేలోపు అయిపోతే చాలు. తేదీ మీకు గుర్తులేకపోతే అత్తమ్మగారినే అడగండి. గేటు ముందు కుక్కలను తోలింది ఆవిడే కాబట్టి ఏ నెలో, ఏ పండగ ముందో ఆవిడకు కచ్చితంగా గుర్తుంటుంది.